సర్కారు తుమ్మ నుంచి జోధ్‌పూర్ రాతికొండ దాకా



మీ ఊరి చెరువుగట్టు మీదనో, రైలు పట్టాల పక్కనో, పాడుబడిన ప్రహరీగోడ వెనకనో గుబురుగా అల్లుకుపోయిన ఒక ముళ్లచెట్టును మీరు చూసే ఉంటారు. నడివేసవిలో చుట్టుపక్కల అన్నీ ఎండిపోయినా అది మాత్రం పచ్చగా ఉంటుంది. దాని కాయలను మేకలు ఇష్టంగా తింటాయి గాని, ఆకు జోలికి పోవు. దాన్ని సర్కారు తుమ్మ అంటాం. కొన్నిచోట్ల ఇంగ్లీషు తుమ్మ అనీ, సీమ తుమ్మ అనీ అంటారు.

ఒక చెట్టుకు సర్కారు అనే పేరు ఎందుకు వచ్చింది? మర్రిని సర్కారు మర్రి అనం, వేపను సర్కారు వేప అనం కదా! ఈ ప్రశ్నతోనే ఇవాళ్టి పాఠం మొదలుపెడదాం.

చరిత్ర రాయడానికి శాసనాలు, నాణేలు, తాళపత్రాలు ఆధారాలని మీరు చదువుకున్నారు. జనం నోట నిలిచిన చెట్ల పేర్లు కూడా అలాంటి ఆధారాలే. ఇదే చెట్టును తమిళులు శీమై కరువేలం అంటారు. సీమ అంటే విదేశం; మనం సీమచింత అంటామే, ఆ సీమే. హిందీలో ఇది విలాయతీ బబూల్, అంటే విలాయతి నుంచి వచ్చిన తుమ్మ. కచ్ ప్రాంతంలో గాండో బావళ్, అంటే పిచ్చి తుమ్మ. రాజస్థాన్‌లోని మార్వాడ్‌లో బావలియా. దానికీ పిచ్చిదనే అర్థం. ఈ పేర్లన్నీ ఒకచోట పెట్టి చూడండి. చెట్టు బయటినుంచి వచ్చింది, ప్రభుత్వం తెచ్చింది, ఆ తర్వాత అదుపు తప్పింది. నూటయాభై ఏళ్ల చరిత్ర నాలుగు భాషల పేర్లలోనే ఉంది.

ఇక కాగితాల మీది చరిత్రకు వద్దాం. ఈ చెట్టు శాస్త్రీయ నామం ప్రోసోపిస్ జూలిఫ్లోరా. పుట్టిల్లు మధ్య అమెరికా, దక్షిణ అమెరికా ఉత్తర భాగం, కరీబియన్ దీవులు. 1876లో మద్రాసు ప్రెసిడెన్సీలో అడవుల శాఖాధికారిగా ఉన్న రిచర్డ్ హెన్రీ బెడోమ్, మెట్ట ప్రాంతాలకు ఈ చెట్టు బాగా పనికివస్తుందనీ, విత్తనాలు తెప్పించమనీ ప్రభుత్వానికి రాశాడు. జమైకా నుంచి వచ్చిన విత్తనాలను 1877లో నాటారు. ఎక్కడనుకుంటున్నారు? మన కడప జిల్లా కమలాపురంలో! భారతదేశంలో ఈ చెట్టు అధికారికంగా కాలుపెట్టిన మొదటి చోటుగా వృక్షశాస్త్ర గ్రంథాలు చెప్పేది కమలాపురాన్నే.

ఆ సంవత్సరం గుర్తుపెట్టుకోండి. 1876 నుంచి 1878 దాకా దక్షిణ భారతాన్ని మహాకరువు పట్టి పీడించింది. మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకొన్నది దాన్నే. రాయలసీమ ఆ కరువులో బాగా దెబ్బతిన్నది. మరోవైపు కొత్తగా వేసిన రైలు దారుల మీద ఇంజన్లు నడవడానికి కట్టెలు కావాలి. ఊళ్లలో పొయ్యికీ కట్టెలు కావాలి. కొండలు బోడి అవుతున్నాయి. అలాంటప్పుడు ఒక అధికారి త్వరగా పెరిగే, నీళ్లు అడగని, పశువులు మేయని చెట్టు కోసం వెతకడంలో తప్పుపట్టడానికి ఏమీ లేదు. ఆనాటి లెక్కల ప్రకారం అది తెలివైన ఎంపికే. మరి ఆ లెక్కలో ఏం తగ్గింది?

జీవశాస్త్రం ఏం చెబుతుందో చూద్దాం. ఈ చెట్టును కొట్టేస్తే మొదలు నుంచి పది కొమ్మలు లేస్తాయి. వేళ్లు చాలా లోతుకు పోతాయి. దీని దగ్గరి బంధువైన ఒక చెట్టు వేరు అమెరికాలోని ఆరిజోనాలో ఒక గని తవ్వుతున్నప్పుడు 50 మీటర్లకు పైగా లోతులో కనిపించింది. కాయలు తియ్యగా ఉంటాయి. మేక, గొర్రె, ఆవు వాటిని తింటాయి. లోపలి గింజ గట్టిది, అరగదు. పశువు కడుపులో పైపొర మెత్తబడి, పేడతోపాటు ఎరువు కూడా వెంటబెట్టుకొని కొత్తచోట నేలమీద పడుతుంది. రైతు విత్తనాలు చల్లినట్టే మందలు దీన్ని చల్లుకుంటూ పోతాయి. ఆకు మాత్రం పశువు తినదు కాబట్టి మొలకకు భయం లేదు. పైగా రాలిన ఆకుల్లోని రసాయనాలు కిందపడ్డ ఇతర విత్తనాలను సరిగా మొలవనివ్వవు. వేళ్లపై ఉండే బాక్టీరియా సాయంతో నత్రజనిని కూడా తనే సమకూర్చుకుంటుంది. ఇన్ని గుణాలున్న చెట్టును దాని సొంత గడ్డమీద అదుపులో పెట్టే పురుగులు, పోటీ చెట్లు ఉంటాయి. ఇక్కడ అవి లేవు. బెడోమ్ గుణాలుగా రాసుకున్నవే తర్వాతి తరాలకు దోషాలయ్యాయి.

కమలాపురం నుంచి ఇప్పుడు మనం ఉత్తరానికి, థార్ ఎడారి అంచున ఉన్న జోధ్‌పూర్‌కు వెళ్దాం. అనంతపురంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడితేనే కరువు జిల్లా అంటాం. జోధ్‌పూర్‌లో పడేది 350 మిల్లీమీటర్లకు అటూఇటూ. అదీ దాదాపు అంతా జూలై నుంచి సెప్టెంబరు లోపలే. ఈ చెట్టు 1913లో అక్కడికి చేరింది. 1940లో మార్వాడ్ సంస్థానం దాన్ని రాజవృక్షంగా ప్రకటించి, నాటమనీ కాపాడమనీ ప్రజలకు చెప్పింది. అప్పటి పాలకుడు మహారాజా ఉమేద్‌సింగ్‌కు విమానాలంటే మక్కువ. విమానంలోంచి ఈ విత్తనాలు చల్లించాడని జోధ్‌పూర్‌లో ఇప్పటికీ కథగా చెప్పుకుంటారు.

అంతకుముందు మార్వాడ్‌లో చెట్లే లేవనుకునేరు! అక్కడ ఖేజ్రీ ఉంది. ఖేజ్రీ అంటే ఎవరో కాదు, మన జమ్మి. దసరానాడు మనం పూజచేసే జమ్మి, పాండవులు ఆయుధాలు దాచుకున్నారని చెప్పుకొనే జమ్మి. తెలంగాణలో ఆ ఆకునే బంగారమని పెద్దల చేతుల్లో పెట్టి కాళ్లకు మొక్కుతారు. జమ్మి వేరు లోతుగా పోతుంది కాబట్టి పైపొరలోని తేమకోసం పంటతో పోటీపడదు. దాని నీడన సజ్జ పైరు ఆరుబయట కన్నా బాగా వస్తుందని అక్కడి రైతులు తరతరాలుగా చెప్పేవారు. తర్వాత శాస్త్రజ్ఞులు మట్టిని పరీక్షించి అది నిజమే అన్నారు. ఆకు మేకలకు, ఒంటెలకు మేత. లేత కాయ సాంగ్రీ అనే కూర. 1868–69 నాటి రాజపుతానా కరువులో దాని బెరడును కూడా పొడిచేసుకు తిని జనం ప్రాణాలు నిలుపుకొన్నారు.

1730లో జోధ్‌పూర్ దగ్గరి ఖేజర్లీ గ్రామంలో రాజుగారి భవనానికి సున్నం కాల్చడానికి కట్టెల కోసం ఈ చెట్లను కొట్టబోతే, అమృతాదేవి అనే బిష్ణోయి స్త్రీ చెట్టును కావలించుకొని అడ్డుపడింది. ఆమెతో మొదలై 363 మంది ప్రాణాలు పోయాయి. ఈ ఉదంతం మీ పాఠ్యపుస్తకాల్లో ఉండే ఉంటుంది. సాధారణంగా దాన్ని చెట్టుమీద భక్తిగా చెప్పి వదిలేస్తారు. నాకు మాత్రం ఇందులో భక్తితోపాటు లెక్క కూడా కనిపిస్తుంది. ఆ చెట్టు లేకపోతే కరువు ఏడాది దాటలేమని తెలిసినవాళ్ల లెక్క అది.

చిత్రమేమిటంటే, జమ్మీ సర్కారు తుమ్మా దగ్గరి బంధువులు. చాలాకాలం రెండింటినీ ప్రోసోపిస్ అనే ఒకే ప్రజాతిలో ఉంచారు. 2022లో వృక్షశాస్త్రజ్ఞులు ఈ వర్గీకరణను మళ్లీ పరిశీలించి సర్కారు తుమ్మను నెల్టూమా అనే ప్రజాతిలోకి మార్చారు. జమ్మి పాత పేరుతోనే మిగిలింది. మరి ఇంటిచెట్టు ఉండగా సీమచెట్టును ఎందుకు తెచ్చినట్టు? ఒకే ఒక్క కారణం: జమ్మి నెమ్మదిగా పెరుగుతుంది. అడవుల శాఖ ప్రణాళికకు గడువు ఉంటుంది, జమ్మికి ఉండదు.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఈ తొందర తగ్గలేదు. 1950లో కె.ఎం.మున్షీ వనమహోత్సవం ప్రారంభించారు. ఎడారి ఏటేటా తూర్పుకు జరుగుతోందన్న భయం ఆ రోజుల్లో బలంగా ఉండేది. 1952లో జోధ్‌పూర్‌లో ఎడారి వనీకరణ కేంద్రం పెట్టారు. అదే 1959లో కేంద్రీయ మెట్ట మండల పరిశోధన సంస్థ అయింది. ఇసుక దిబ్బలను కదలకుండా నిలిపే పద్ధతిని ఈ సంస్థ బాగా అభివృద్ధి చేసింది. ఎండు కంపను చదరంగం గళ్లలా దిబ్బమీద పాతి, గాలి వేగాన్ని నేలదగ్గర తగ్గించి, ఆ గళ్లలో గడ్డి, చెట్లు పెంచడం. కంపకు వాడినవి బుయి, ఖీంప్ వంటి అక్కడి పొదలే. అయితే నాటిన చెట్లలో మాత్రం పరదేశి జాతులకు పెద్దపీట వేశారు. 1958లో ఇజ్రాయెల్ నుంచి తెచ్చిన ఇంకో తుమ్మ వాటిలో ఒకటి.

గుజరాత్‌లోని బన్నీ కథ ఇంకా బాధాకరం. కచ్ రణ్‌కు ఆనుకొని రెండున్నర వేల చదరపు కిలోమీటర్ల పచ్చికబయలు అది. మాల్‌ధారీలనే పశుపాలకులు అక్కడ కాంక్రేజ్ ఆవులను, బన్నీ గేదెలను మేపుకొంటారు. రణ్ ఉప్పు లోపలికి రాకుండా 1960ల మొదట్లో అడవుల శాఖ సుమారు 31 వేల హెక్టార్లలో సర్కారు తుమ్మ నాటింది. అది గీసిన గీత దగ్గర ఆగలేదు. మందలవెంట నడిచి పచ్చికబయలులో సగానికిపైగా ఆక్రమించింది. గడ్డి పోయింది. కాయలు ఎక్కువగా తిన్న కాంక్రేజ్ ఆవులు జబ్బుపడ్డాయి. చాలామంది ఆవులు వదిలి గేదెలకు మారారు. కొందరు అదే చెట్టును నరికి బొగ్గు కాల్చి బతకడం నేర్చుకున్నారు.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే నాకు నిజాయితీ ఉండదు. 1980ల చివర్లో కాలేజీలో చదివేటప్పుడు సేవాపథకం శిబిరంలో నేనూ మొక్కలు నాటాను. సుబాబుల్, యూకలిప్టస్. సాయంత్రానికి ఎన్ని గుంతలు పూర్తయ్యాయో లెక్కవేసి చప్పట్లు కొట్టుకున్నాం. ఏం చెట్టు, ఎందుకు, దాని కింద ఇంకేం బతుకుతుంది అని మాలో ఒక్కరూ అడగలేదు. వృక్షశాస్త్రం చదువుతున్న నేను కూడా అడగలేదు.

ఆ ప్రశ్నలు అడిగి, జవాబు రాతి మీద రాసిన చోటుకు ఇప్పుడు వెళ్దాం. జోధ్‌పూర్‌లో రావు జోధా 1459లో పునాది వేసిన మెహ్రాన్‌గఢ్ కోట ఉంది. కోట పక్కన సుమారు 70 హెక్టార్ల రాతినేల. అది మామూలు రాయి కాదు. 70 కోట్ల ఏళ్ల కిందట అగ్నిపర్వతాలు కక్కిన రయొలైట్. ఇనుములా గట్టిది, మట్టి చాలా తక్కువ. దానిమీద ఎక్కడ చూసినా బావలియా. ఇంకే చెట్టుకూ చోటు లేదు. 2006లో కోటను చూసే మ్యూజియం ట్రస్టు ఈ నేలను బాగుచేయమని ప్రదీప్ క్రిషెన్ అనే ఆయన్ను పిలిచింది. ఆయన వృక్షశాస్త్రంలో పట్టా ఉన్నవాడు కాదు. ఒకప్పుడు ఢిల్లీలో చరిత్ర అధ్యాపకుడు, తర్వాత సినిమా దర్శకుడు, ఆ తర్వాత సొంతంగా చెట్లు గుర్తుపట్టడం నేర్చుకొని ఢిల్లీ చెట్ల మీద పుస్తకం రాసినవాడు. సబ్జెక్టు మార్చుకుంటే భవిష్యత్తు పోతుందని భయపడే విద్యార్థులకు ఈ వివరం ప్రత్యేకంగా చెబుతున్నాను!

మొదటి పని బావలియాను తీయడం. పైన నరికితే మళ్లీ లేస్తుంది. మొగ్గలు పుట్టే మొదలు భాగమంతా తీస్తేనే చస్తుంది. కానీ ఆ మొదలు రాతి పగుళ్లలో ఇరుక్కుని ఉంది. పక్కన అయిదువందల ఏళ్ల కోట. ఆ పని చేసింది పెద్ద యంత్రాలు కాదు, ఖండ్‌వాలియాలని పిలిచే జోధ్‌పూర్ రాతి పనివాళ్లు. సుత్తితో రాతిని కొట్టి, ఆ చప్పుడును బట్టి లోపల పగులు ఎటు పోయిందో చెప్పగల నేర్పు వాళ్లది. ఉలి, సుత్తి పట్టుకొని ఒక్కొక్క చెట్టునే మొదలుతో సహా పెకలించారు. ఏళ్లు పట్టింది. ఏ పాఠశాలలోనూ నేర్పని ఈ భూగర్భశాస్త్రం వాళ్లకు లేకపోతే ఆ పథకం అక్కడే ఆగిపోయేదని నా నమ్మకం.

రెండో పనిలో ఒక చక్కని ఆలోచన ఉంది. బావలియా వేరు దిగిందంటే అక్కడ పగులు ఉన్నట్టు, ఆ పగుల్లో కాస్త తేమ ఉన్నట్టు. కాబట్టి దాన్ని తీసిన గుంతలోనే కొత్త మొక్క పెట్టారు. శత్రువు చూపించిన దారినే వాడుకున్నారన్నమాట.

మరి ఏ మొక్క? ఎడారి మొక్కలన్నీ పనికిరావు. ఇసుకలో పెరిగేది రాతిమీద బతకదు. అందుకని థార్‌లోని రాతికొండలు తిరిగి, అక్కడ సహజంగా ఏం పెరుగుతున్నాయో చూసి, వాటి విత్తనాలు సేకరించి తెచ్చారు. అలాంటి మొక్కలు నర్సరీల్లో దొరకవు, అడిగేవాళ్లు లేరు కాబట్టి. సొంతంగా నర్సరీ పెట్టుకోవలసి వచ్చింది.

అక్కడ నాటిన మొక్కల్లో థోర్ ఉంది. మన జెముడుకు బంధువు. కొవ్వొత్తుల గుత్తిలా నిలువుగా లేస్తుంది. కాండంలో నీరు దాచుకొని, ఏడాదిలో ఎక్కువకాలం ఆకు లేకుండానే ఉంటుంది. దాని ముళ్లగుబురు మధ్యలో పడిన వేరే మొక్కల గింజలు మేకలకు అందకుండా మొలిచి పెద్దవవుతాయి. అంటే థోర్ దాదిలాంటిది. బావలియా చేసేదానికి ఇది సరిగ్గా వ్యతిరేకం. కేర్ అనే పొదకు ఆకులే దాదాపు ఉండవు, పచ్చని కొమ్మలే ఆహారం తయారుచేసుకుంటాయి. గుగ్గులు ఉంది. బంక కోసం విచ్చలవిడిగా గాట్లు పెట్టడంవల్ల ప్రపంచంలోనే అంతరించే ప్రమాదం అంచుకు చేరిన మొక్క. గోందు ఇచ్చే కుమటియో, పళ్లుతోము పుల్లకు వాడే పీలూ, వీటి మధ్య వానకు లేచి వానతో పోయే గడ్డిమొక్కలు.

ఈ కొండను ప్రజలకోసం 2011లో తెరిచారు. మే నెలలో వెళ్లి చూస్తే మీరు నిరాశపడతారు. అంతా ఎండు కట్టెల్లా ఉంటుంది. ఇది పార్కా అని అడుగుతారు. వానలు మొదలైన రెండు మూడు వారాలకు మళ్లీ వెళ్లండి. రాతి సందుల్లోంచి గడ్డి, కట్టెలనుకున్నవాటికి ఆకు, వాటిమీద పురుగులు, పురుగుల కోసం పిట్టలు. కొండమీద పడిన వాన పాత కాలువ దారిన కోట చెరువులకు చేరే ఏర్పాటు కూడా అక్కడ ఉంది.

ఇక్కడ రెండు మాటల తేడా గమనించండి. కరువును తట్టుకోవడం వేరు, కరువునుంచి తేరుకోవడం వేరు. సర్కారు తుమ్మ మొదటి పనిలో ఘనాపాటి; అది ఒక్కటే నిలబడుతుంది. జోధ్‌పూర్ కొండమీది మొక్కలు రెండో పని చేస్తాయి. కొన్ని నీరు దాచుకుంటాయి, కొన్ని ఆకు రాల్చి నిద్రపోతాయి, కొన్ని విత్తనంగా మట్టిలో ఏళ్లతరబడి వేచి ఉంటాయి. ఒక ఏడాది ఒక పద్ధతి విఫలమైతే ఇంకో పద్ధతి పనిచేస్తుంది. వాన ఎప్పుడు పడుతుందో చెప్పలేని ఈ రోజుల్లో ప్రకృతి దృశ్యాన్ని రూపొందించే నిపుణులు స్థానిక జాతులవైపు చూడటానికి కారణం అందం ఒక్కటే కాదు, ఇదీ.

ఇలాంటి పని హర్యానాలోని గురుగ్రామ్‌లోనూ జరిగింది. అక్కడ గనులు తవ్వి వదిలేసిన ఆరావళి కొండల్లో 2010లో ఒక జీవవైవిధ్య పార్కు మొదలుపెట్టి, పౌరులే పూనుకొని స్థానిక అడవిని పెంచారు.

అయితే ఇదంతా విని మీరు రేపు గొడ్డలి పట్టుకొని బయల్దేరకండి. ఆలోచించాల్సిన సంగతి ఒకటుంది. జోధ్‌పూర్ కొండమీద ఎవరి పొయ్యీ ఆధారపడి లేదు. రాయలసీమలో, ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో సర్కారు తుమ్మ కట్టెతో అన్నం వండుకొనే ఇళ్లున్నాయి, బొగ్గు కాల్చి బతికే కుటుంబాలున్నాయి. నూటయాభై ఏళ్ల కిందట కట్టెల కోసం తెచ్చిన చెట్టు పేదవాడికి ఆ కట్టె ఇస్తూనే ఉంది. చెరువులో, కాలువలో, పచ్చికబయలులో అది ఉండటం నష్టమే. కానీ దాన్ని తీసేసిన మరునాడు ఆ ఇంట్లో పొయ్యి దేనితో వెలగాలో ముందే ఆలోచించాలి. తీసిన చోట మరేదీ నాటకుండా వదిలేస్తే రెండేళ్లలో మళ్లీ అదే వస్తుందన్నది కూడా చాలా ఊళ్ల అనుభవం. నేల ఖాళీగా ఉండదు, ఎవరో ఒకరు వస్తారు.

రాజస్థాన్ 1983లో ఖేజ్రీని రాష్ట్ర వృక్షంగా ప్రకటించింది. తెలంగాణ 2014లో జమ్మిని రాష్ట్ర వృక్షంగా ఎంచుకుంది. 1940లో రాజవృక్షమైన సీమ బంధువు స్థానంలోకి ఇంటిచెట్టు వచ్చిందన్నమాట, కనీసం కాగితం మీద.

ఈ పాఠానికి ఒక చిన్న పని ఇస్తున్నాను. మీ ఊళ్లో సర్కారు తుమ్మ అల్లుకున్న ఒక గట్టును ఎంచుకోండి. మీ తాతనో, నాయనమ్మనో, ఊళ్లో గొర్రెలు కాసే పెద్దాయననో అడగండి: ఇది రాకముందు ఇక్కడ ఏముండేవి? నల్లతుమ్మా, తెల్లతుమ్మా, జమ్మా, రేగా? వాళ్లు చెప్పిన పేర్లు వాళ్ల మాటల్లోనే రాసుకోండి. పుస్తకం పేర్ల కోసం తొందరపడొద్దు. తర్వాత వానలు పడ్డ వారానికి ఆ గట్టుకు వెళ్లి, గుబురు అంచున వంగి నేలమీద చూడండి. మొలకల్లో రాసుకున్న పేర్లు ఎన్ని దొరికాయో పక్కన టిక్కు పెట్టండి.